చెత్తకుప్పలో దొరికిన శాఫో: ఒక్క పూర్తి కవితతో 2600 ఏళ్ల ఫేమ్

ఈ రోజు ఒక లెక్కతో మొదలుపెడదాం.

ఒక కవయిత్రి ఉంది. ఆమె పాటలన్నీ కలిపి దాదాపు 10,000 లైన్లు ఉండేవని పండితుల అంచనా. ఇప్పుడు మన చేతిలో ఉన్నది సుమారు 650 లైన్లు. వాటిలోనూ చాలావరకు సగం సగం లైన్లే. మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా పూర్తిగా మిగిలిన కవిత, ఎవరూ కాదనలేనిది, ఒక్కటంటే ఒక్కటి. అయినా ఆమె పేరు మీద ఇంగ్లీష్‌లో ఒక విశేషణం ఉంది, ఆమె ఊరి పేరు మీద ఇంకో పదం ఉంది. ప్రతి పది, ఇరవై ఏళ్లకు ఒక కొత్త అనువాదం వస్తుంది. ఇన్‌స్టాలో ఆమె మాటలు క్యాప్షన్లుగా తిరుగుతుంటాయి, పెట్టేవాళ్లలో సగం మందికి అవి ఎవరివో తెలియకుండానే.

ఆమె పేరు శాఫో. తన యాసలో తనను తాను ప్సాప్ఫా అని పిలుచుకుంది. ఆ మిగిలిన ఒక్క పూర్తి కవితలోనే ఆ పేరు ఉంది.

ఇన్ని పోయాక కూడా ఆమె ఇంకా ఎలా పాప్యులర్? ఈ టాపిక్ మీద వీడియోలు చూస్తే అందరూ ఒకటే చెప్తారు, "గొప్ప కవిత్వం కాబట్టి కాలానికి నిలబడింది" అని. వినడానికి బాగుంటుంది. కానీ నిజం చెప్పాలంటే శాఫో కవిత్వం కాలానికి నిలబడలేదండీ. పోయింది. ఎంత ఫేమస్ అయినా పోయింది. మిగిలిన ముక్కలు వేరే కారణాల వల్ల మిగిలాయి. ఆ కారణాలే ఈ ఎపిసోడ్.

ముందు ఆమె ఎవరో క్విక్‌గా చెప్పేస్తా. క్రీ.పూ. 630 ప్రాంతంలో లెస్బోస్ అనే ద్వీపంలో పుట్టింది. మ్యాప్ తీసి చూడండి, ఇది గ్రీస్ దేశానిదే కానీ టర్కీ తీరానికి ఆనుకుని ఉంటుంది. పెద్దింటి అమ్మాయి. అన్నదమ్ముల్లో ఒకడు ఖారాక్సోస్, ఈజిప్టులో ఒక వేశ్యని విడిపించడానికి బోలెడు డబ్బు పోశాడని చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. క్లెయిస్ అనే కూతురు ఉన్నట్టు తెలుస్తోంది. రాజకీయ గొడవల వల్ల కొంతకాలం సిసిలీకి వెళ్లిపోవాల్సి వచ్చింది. అంతే. మిగతావన్నీ, మొగుడి పేరుతో సహా, తర్వాతి వాళ్లు కల్పించినవి. ఆ మొగుడి పేరు ఒక బూతు జోక్ అని పండితులే తేల్చారు. ఏ నాటకాల వాడో వేసిన జోక్ చివరికి ఎన్‌సైక్లోపీడియాలో ఫ్యాక్ట్‌లాగా ఎక్కింది. వాట్సాప్ యూనివర్సిటీ అప్పుడే మొదలైందన్నమాట.

ఆమె "రాసింది" అంటున్నాం కానీ అవి పాటలు. లైర్ అనే చిన్న తంత్రీ వాద్యం మీటుతూ పాడేవి. ట్యూన్లన్నీ పోయాయి. మన దగ్గరున్నది లిరిక్స్ మాత్రమే. అంటే ఇళయరాజా పాటల ట్యూన్లన్నీ పోయి, పాటల పుస్తకం, అదీ సగం చిరిగిన పుస్తకం దొరికితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ రోజుల్లో ఆమె ఎంత ఫేమస్ అంటే, ఒక కథ ఉంది. ఏథెన్స్‌కి చట్టాలు రాసిన సోలోన్ అనే పెద్దాయన ఒక విందులో కూర్చున్నాడు. అన్న కొడుకో, తమ్ముడి కొడుకో ఒక కుర్రాడు శాఫో పాట పాడాడు. "ఇది నాకు నేర్పరా" అన్నాడట సోలోన్. ఎందుకని అడిగితే, నేర్చుకుని చచ్చిపోదామని అన్నాడట. కథ నిజమో కాదో గానీ, ఇలాంటి కథ పుట్టిందంటేనే ఆమె రేంజ్ అర్థమవుతుంది. ఆమె పుట్టిన మిటిలీనీ ప్రాంతం వాళ్లు నాణేల మీద ఆమె బొమ్మ వేసుకున్నారు. సిరాక్యూస్‌లో ఆమె విగ్రహం ఉండేది, దాన్ని వెర్రెస్ అనే రోమన్ గవర్నర్ ఎత్తుకుపోయాడని సిసెరో అతని మీద కేసు వాదిస్తూ ప్రస్తావించాడు. అలెగ్జాండ్రియా పండితులు గ్రీకు పాటల కవుల్లో టాప్ తొమ్మిది మందిని ఎంచితే అందులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి శాఫో.

ఆ పండితులే ఆమె పాటలన్నీ సేకరించి, ఎడిట్ చేసి, ఎనిమిదో తొమ్మిదో పుస్తకాలుగా చేశారు. పుస్తకం అంటే పాపిరస్ చుట్ట. మొదటి పుస్తకంలో 1320 లైన్లు ఉండేవి. ఇది అంచనా కాదు, కచ్చితమైన నంబర్. ఎలా తెలుసంటారా? అప్పట్లో కాపీ రాసేవాళ్లు పుస్తకం చివర మొత్తం లైన్లు ఎన్నో వేసేవాళ్లు. కూలి లెక్కకూ పనికొచ్చేది, మధ్యలో ఏమీ ఎగరగొట్టలేదని చూసుకోవడానికీ పనికొచ్చేది. మన చెక్‌సమ్ లాంటిదే. ఆ మొదటి పుస్తకం కాపీ ఒకటి ముక్కలుగా దొరికింది. పాటలు చాలావరకు పోయాయి గానీ చివర వేసిన ఆ నంబర్ మిగిలింది! ఆ పుస్తకంలో పాటలన్నీ నాలుగు లైన్ల చరణాలు, అంటే 330 చరణాలు. ఇప్పుడు మన దగ్గర మిగిలిన శాఫో మొత్తం కలిపినా ఆ ఒక్క పుస్తకంలో సగం.

మరి అంత ఫేమస్ మనిషి పాటలు ఎలా పోయాయి?

నెట్‌లో బాగా తిరిగే ఆన్సర్ ఏంటంటే, చర్చి వాళ్లు తగలబెట్టారు అని. తేదీలు కూడా చెప్తారు, 380లో ఒకసారి, 1073లో ఇంకోసారి. నేను కూడా మొదట దీన్నే నమ్మాను, స్క్రిప్ట్‌లో కూడా రాసుకున్నా. తీరా చూస్తే ఈ కథలన్నీ రినైసాన్స్ కాలంలో, అంటే ఆ సంఘటనలు జరిగాయంటున్న వందల ఏళ్ల తర్వాత రాసినవి. అంతకు ముందు గట్టి ఆధారం లేదు. క్రైస్తవ రచయితల్లో ఆమెను తిట్టినవాళ్లు ఉన్నారు, అది నిజం. కానీ మంటలు పెట్టిన సీన్ మాత్రం సినిమాకి బాగుంటుందని కల్పించినట్టే ఉంది.

అసలు కారణం చాలా బోరింగ్. అందుకే ఎవరూ వీడియో చేయరు.

శాఫో రాసింది ఎయోలిక్ అనే యాసలో, అది లెస్బోస్ వాళ్ల మాట. తర్వాతి రోజుల్లో బడుల్లో నేర్పింది ఏథెన్స్ గ్రీకు. ఉద్యోగం రావాలన్నా, కోర్టులో మాట్లాడాలన్నా అదే కావాలి. శాఫో భాష పిల్లలకు కష్టం, సిలబస్‌కి అనవసరం. సరిగ్గా అదే టైంలో పుస్తకం ఫార్మాట్ మారింది. క్రీ.శ. రెండు నుంచి నాలుగో శతాబ్దం మధ్యలో పాపిరస్ చుట్టలు పోయి, ఇప్పటి పుస్తకంలా పేజీలు తిప్పే కోడెక్స్ వచ్చింది. ఎవరికి ఏది కావాలో అది కొత్త ఫార్మాట్‌లోకి ఎక్కించారు. ఆ తర్వాత తొమ్మిదో శతాబ్దంలో అక్షరాల రాత కూడా మారి మళ్లీ ఇంకో రౌండ్ జరిగింది.

నేను జాబ్ చేసే రోజుల్లో ఒక పాత సిస్టం నుంచి కొత్త సిస్టంకి డేటా మార్చే ప్రాజెక్ట్ చేశాం. ఏ టేబుల్స్ కావాలో లిస్ట్ ఇవ్వమని అన్ని టీమ్స్‌కి మెయిల్ పెట్టాం. ఒక టేబుల్ గురించి ఎవరూ రిప్లై ఇవ్వలేదు. మేం దాన్ని డిలీట్ చేయలేదండీ, కాపీ చేయలేదంతే. ఎనిమిది నెలల తర్వాత ఒకాయన వచ్చి అడిగాడు. పాత సర్వర్ అప్పటికే స్క్రాప్‌కి వెళ్లిపోయింది. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. శాఫోకి జరిగింది ఇదే. ఎవరూ తగలబెట్టక్కర్లేదు, కాపీ చేసేవాడు లేకపోతే చాలు. ఆరో ఏడో శతాబ్దం నాటి తోలు పుటల మీద ఆమె కవితలు దొరికాయి, అంటే అప్పటిదాకా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. పన్నెండో శతాబ్దంలో ట్జెట్జెస్ అనే బైజాంటియం పండితుడు మాత్రం శాఫోని కాలం మింగేసిందని రాసుకున్నాడు.

ఇక మిగిలినవి ఎలా మిగిలాయో చూద్దాం, నాకు బాగా నచ్చిన పార్ట్ ఇది.

మొదటి దారి, టీచర్లు. ఆ ఒక్క పూర్తి కవిత ఉంది కదా, ప్రేమ దేవత ఆఫ్రొడైటీని పిలిచే పాట. అది ఎందుకు మిగిలిందో తెలుసా? క్రీ.పూ. మొదటి శతాబ్దంలో రోమ్‌లో డయొనీసియస్ అనే ఒక గ్రీకు టీచర్ వాక్యాలు ఎలా పేర్చాలో ఒక పాఠ్యపుస్తకం రాశాడు. "స్మూత్‌గా, మృదువుగా సాగే శైలి అంటే ఇది" అని ఉదాహరణకి ఆ పాట మొత్తం ఎత్తి రాశాడు. రెండు లైన్లు రాసి ఊరుకుంటే మనకు శాఫో పూర్తి కవిత ఒక్కటీ ఉండేది కాదు.

రెండో ఫేమస్ కవిత కూడా అంతే. ఒక అమ్మాయి ఎవరో మగాడితో కూర్చుని నవ్వుతూ మాట్లాడుతుంటే, దూరం నుంచి చూస్తున్న శాఫోకి ఒంట్లో ఏమేం జరుగుతుందో చెప్పే పాట అది. క్రష్ కనపడితే ఒంట్లో వచ్చే గడబిడ అంతా డాక్టర్ కేస్ షీట్ రాసినట్టు ఒక్కొక్కటే చెప్తుంది. దీన్ని లాంగినస్ అని మనం పిలుచుకునే ఒక విమర్శకుడు తన పుస్తకంలో కోట్ చేశాడు. నాలుగు చరణాలు ఇచ్చి, ఐదోది మొదలవుతుండగా ఆపేశాడు. పాట అక్కడే కట్. ఆ తర్వాత శాఫో ఏం చెప్పిందో 2000 ఏళ్లుగా జనం తలలు పట్టుకుంటున్నారు. రోమన్ కవి కాటుల్లస్ దీన్ని లాటిన్‌లోకి మార్చుకుని, తన లవర్‌కి లెస్బియా అని ముద్దుపేరు పెట్టుకున్నాడు, లెస్బోస్ పేరు మీద.

ఛందస్సు పుస్తకాల వాళ్లు ఇంకొన్ని కాపాడారు. "ఈ గణాలకు ఉదాహరణ" అని రెండు లైన్లు ఇస్తారు కదా, అలా. మన దగ్గర కూడా కావ్యం మొత్తం పోయి, లక్షణ గ్రంథంలో ఉదాహరణగా ఇచ్చిన పద్యం వల్ల పేరు మాత్రం మిగిలిన కవులు ఉన్నారు, తెలుగు లిటరేచర్ చదివినవాళ్లకి తెలుసు. ప్రేమని శాఫో "తీపిచేదు" అన్న మాట అలా ఒక ఛందస్సు పుస్తకంలో మిగిలిందే. మనకు తెలిసినంతలో ఆ మాట మొదట వాడింది ఆమే. గమనించండి, ఇంగ్లీష్‌లో చేదు ముందు, తీపి తర్వాత వస్తుంది. ఆమె తీపి ముందు పెట్టింది. ప్రేమలో ఏది ముందు వస్తుందో ఆమెకు తెలుసు!

ఇంకా ఫన్నీ ఏంటంటే, కొన్ని చోట్ల ఒక్క పదమే మిగిలింది. వ్యాకరణ పండితుడు "ఈ మాటని శాఫో ఇలా వాడింది" అని నోట్ చేసుకున్నాడు, అంతే. అలా మిగిలిన ఒక పదం ఒక ఆకుకూర పేరు, సెలెరీ. ఇంకోటి బట్టలుతికే సోడా. శాఫో కవితల పుస్తకం కొంటే ఆ పేజీలో "సెలెరీ" అని ఒక్క పదం ఉండి మిగతా అంతా ఖాళీగా ఉంటుంది. 2002లో ఆన్ కార్సన్ అనే కవయిత్రి చేసిన ఇంగ్లీష్ అనువాదంలో చిరిగిపోయిన చోట్ల బ్రాకెట్ గుర్తులు మాత్రం పెట్టి వదిలేసింది. ఆ ఖాళీలే ఈ తరానికి పిచ్చిగా నచ్చాయి.

రెండో దారి, చెత్త. నిజంగానే చెత్త.

కైరోకి దక్షిణంగా 160 కిలోమీటర్ల దూరంలో ఆక్సిరింకస్ అనే పాత ఊరు ఉండేది. ఆ ఊరి గ్రీకు పేరుకి సూది ముక్కు చేప అని అర్థం. అక్కడ వానలు పడవు. ఊరి జనం వందల ఏళ్లు ఊరి బయట చెత్త పోసుకుంటూ వచ్చారు. అది ఎండిపోయి ఇసుక కింద అలాగే ఉండిపోయింది. 1896 చలికాలంలో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్లు, అప్పటికి ఇద్దరూ ఇరవైల్లోనే ఉన్నారు, ఆ గుట్టలు తవ్వడం మొదలుపెట్టారు. కూలీలు బుట్టలు బుట్టలుగా పాపిరస్ తెచ్చి పోశారు. పన్ను రసీదులు, పెళ్లి పిలుపులు, అప్పు పత్రాలు, అర్జీలు, కొడుకు నాన్నకి రాసిన ఉత్తరాలు, వాటి మధ్యలో హోమర్, వాటి మధ్యలో శాఫో. 1898లో వేసిన మొదటి సంపుటంలోనే ఒక శాఫో పాట ఉంది, సముద్రం మీద వెళ్లిన అన్నయ్య క్షేమంగా రావాలని మొక్కుకునే పాట. ఇందాక చెప్పిన 1320 నంబర్ కూడా ఈ చెత్తలోనిదే, 1914లో అచ్చయింది.

అదే ముక్కల్లో ఇంకో పాట ఉంది. లోకంలో అందమైనది ఏది అని అడుగుతుంది. ఒకరు గుర్రపు దళం అంటారు, ఒకరు నౌకలు అంటారు, తను మాత్రం ఎవరికి ఏది ఇష్టమో అదే అందం అంటుంది. సాక్ష్యానికి ట్రాయ్ యుద్ధానికి కారణమైన హెలెన్‌ని పిలుస్తుంది. హెలెన్‌ని అందరూ తిట్టే ఆ కాలంలో, తను ప్రేమించినదాని కోసం వెళ్లిన మనిషిగా చూపిస్తుంది. ఇది 1914 దాకా ఎవరికీ తెలియని పాటండీ. ఇప్పుడు శాఫో అనగానే మొదట చెప్పే వాటిలో ఇదొకటి.

ఇంకో పాట పగిలిన కుండ పెంకు మీద దొరికింది. క్రీ.పూ. మూడు, రెండు శతాబ్దాల నాటిది. తప్పులతో రాసి ఉంది, బహుశా ఎవరికో డిక్టేషన్ చెప్తే రాసింది కావచ్చు. 1937లో అచ్చువేశారు.

ఇంకోటి శవం చుట్టూ దొరికింది. ఈజిప్టులో మమ్మీల తొడుగులకు పాత పాపిరస్ కాగితాలు అతికించి అట్టలా చేసేవాళ్లు, మనం పాత న్యూస్‌పేపర్లతో బొమ్మలు చేసినట్టు. 1922లో ఆక్సిరింకస్ ముక్క ఒకటి అచ్చయింది, అందులో ఒక పాట లైన్ల చివరలు మాత్రమే ఉన్నాయి. 2004లో జర్మనీలోని కొలోన్ యూనివర్సిటీ దగ్గరున్న మమ్మీ అట్ట ముక్కల్లో అదే పాట లైన్ల మిగతా భాగం కనపడింది. 82 ఏళ్ల తర్వాత రెండు ముక్కలు కలిశాయి! ముసలితనం గురించి పాట అది. ఒకప్పుడు డాన్స్ చేసిన మోకాళ్లు ఇప్పుడు మాట వినడం లేదని, జుట్టు తెల్లబడిందని, మనిషిగా పుట్టాక తప్పదని. ఆ పాపిరస్ క్రీ.పూ. మూడో శతాబ్దానిది, మన దగ్గరున్న శాఫో కాపీల్లో అన్నిటికంటే పాతది. మా అమ్మమ్మ మెట్లు ఎక్కుతూ అనే మాటలకి దానికి పెద్ద తేడా లేదు.

ఇక్కడ ఒక డార్క్ సైడ్ ఉంది, అది కూడా చెప్పాలి. 2014లో ఇంకో కొత్త పాట బయటికి వచ్చింది, శాఫో అన్నదమ్ముల గురించి. ప్రపంచమంతా న్యూస్. కానీ ఆ పాపిరస్ ఎక్కడి నుంచి వచ్చింది అంటే ముందు ఒక కథ చెప్పారు, తర్వాత ఆ కథ మారింది. చివరికి 2021లో, దాని గురించి రాసిన అధ్యాయాన్ని ప్రచురణ సంస్థే వెనక్కి తీసుకుంది. పాట శాఫోదే అని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. ఆ కాగితం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పిన కథే నిలబడలేదు. ఫేమస్ పేరు కాబట్టి రేటు ఉంటుంది, రేటు ఉంటే ఎక్కడి నుంచి తెచ్చావని ఎవరూ గట్టిగా అడగరు. చరిత్ర అంటే ఇష్టం ఉన్నవాళ్లు ఇలాంటి న్యూస్ షేర్ చేసే ముందు "ఎక్కడ దొరికింది" అనే ప్రశ్న వేయాలని నా అభిప్రాయం. నాకు మాత్రం ఆ పాట చదువుతుంటే సంతోషం సగమే కలిగింది.

సరే, ముక్కలు దొరికాయి. కానీ ముక్కలు దొరికినంత మాత్రాన పాప్యులర్ అయిపోరు కదా. ఆక్సిరింకస్‌లో దొరికిన వేరే కవుల పేర్లు మనలో ఎవరికి తెలుసు? శాఫో విషయంలో ఖాళీ ఎక్కువ, పేరు పెద్దది. ఆ ఖాళీని ఒక్కో కాలం తనకు నచ్చినట్టు నింపుకుంది.

ఏథెన్స్ కామెడీ నాటకాల వాళ్లు ఆమె పేరుతో నాటకాలే రాశారు, మగాళ్ల వెంట పడే క్యారెక్టర్‌గా. ఫాఓన్ అనే పడవవాడి కోసం కొండ మీద నుంచి దూకి చచ్చిపోయిందనే కథ ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, రోమన్ కవి ఓవిడ్ పేరు మీదున్న ఒక ఉత్తరం దాన్ని సూపర్ హిట్ చేసింది. యూరప్ చిత్రకారులు ఆ దూకుడు సీన్ వందల ఏళ్లు వేశారు. 19వ శతాబ్దం జర్మన్ ప్రొఫెసర్లకు ఆమె ఒక స్కూల్ హెడ్ మిస్ట్రెస్, అమ్మాయిలకు మంచి నడవడి నేర్పే మేడం. పాటల్లో బడి అని ఎక్కడా లేదు. 18వ శతాబ్దం ఇంగ్లీష్ అనువాదకులైతే ఆఫ్రొడైటీ పాటలో శాఫో ప్రేమించే అమ్మాయిని అబ్బాయిని చేసేశారు. గ్రీకులో ఆ అమ్మాయి అమ్మాయని తెలిసేది ఒక్క పదం చివరి వల్లే. దాన్ని మార్చేస్తే సమస్య తీరిపోయిందనుకున్నారు.

తర్వాత ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లు ఆమెలో తమ పేరు వెతుక్కున్నారు. ఆమె పేరు నుంచి ఒక పదం, ఆమె దీవి నుంచి ఒక పదం. ఇది ఎంతదూరం వెళ్లిందంటే, 2008లో లెస్బోస్ దీవి వాళ్లు ముగ్గురు ఏథెన్స్ కోర్టుకి వెళ్లారు, "లెస్బియన్ అంటే మా ఊరివాళ్లు, ఆ సంఘం వాళ్లు ఈ పేరు వాడకూడదు" అని. కేసు ఓడిపోయారు. 2600 ఏళ్ల కింద చనిపోయిన కవయిత్రి వల్ల ఒక పదం ఎవరిది అని కోర్టులో వాదన జరిగింది.

శాఫో నిజంగా ఎవర్ని ప్రేమించింది అని కామెంట్స్‌లో గొడవ పడతారని నాకు తెలుసు. పాటల్లో అమ్మాయిల మీద ప్రేమ, కోరిక స్పష్టంగా ఉన్నాయి, దాన్ని దాచాల్సిన పని లేదు. అది డైరీయా, పాటలోని పాత్రా అనేది వేరే ప్రశ్న. సిరివెన్నెల గారు రాసిన ప్రతి పాటా ఆయన సొంత కథ కాదు కదా.

అన్నట్టు, ఈ వీడియో థంబ్‌నెయిల్‌లో పెన్ను పెదాల దగ్గర పెట్టుకున్న అమ్మాయి బొమ్మ చూసే మీరు క్లిక్ చేసి ఉంటారు. గూగుల్‌లో శాఫో అని కొడితే మొదట వచ్చేది అదే. అది శాఫో కాదు. పాంపేయీలో ఒక గోడ మీద దొరికిన బొమ్మ, ఆ ఊళ్లో ఎవరో బాగా డబ్బున్న ఇంటి అమ్మాయి. పేరు తెలియదు. చూసినవాళ్లు శాఫో అనేసుకున్నారు. తెలిసి కూడా నేను ఆ బొమ్మే పెట్టాను, సారీ, దానికే క్లిక్స్ వస్తాయి.

ఆక్సిరింకస్ నుంచి వచ్చిన ముక్కలు ఐదు లక్షల దాకా ఉంటాయంటారు, ఆక్స్‌ఫర్డ్‌లో పెట్టెల్లో ఉన్నాయి. 80కి పైగా సంపుటాలు అచ్చయ్యాక కూడా చదివినవి చాలా కొద్ది భాగమే. చాలా ముక్కలు బొటనవేలు గోరంత ఉంటాయి. రోజూ ఎవరో ఒకరు మైక్రోస్కోప్ కింద పెట్టి రెండు అక్షరాలు, మూడు అక్షరాలు చదువుతూ ఉంటారు. ఎక్కువసార్లు అది గోధుమల రసీదే అవుతుంది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ రసీదుల గురించే మాట్లాడదాం, వాటిల్లో మనుషుల గొడవలు మామూలుగా లేవు. ఉంటానండీ, బై.